నడుము వంగిన బాడీ: 1969 లోటస్ ఎలాన్ ఫైబర్ షెల్‌ని కొత్త ఛాసిస్ మీద కూర్చోబెట్టిన కేసు

నా చేతికి వచ్చేసరికి ఆ కారు కారులా లేదు. ఫైబర్ బాడీ ఒక ట్రెయిలర్ మీద, కొత్త ఛాసిస్ (కింద ఉండే చట్రం) ఇంకో ట్రెయిలర్ మీద, ఇంజన్ చెక్కపెట్టెలో, మిగతా సామానంతా ఇరవైకి పైగా అట్టపెట్టెల్లో వచ్చాయి. 1969 లోటస్ ఎలాన్, అంటే ఇంగ్లండ్‌లో తయారైన చిన్న స్పోర్ట్స్ కారు, సిరీస్ 4, గుడ్డ టాప్ ఉన్న మోడల్. యజమాని రిటైరైన పెద్దాయన. ఆరేళ్ళ కిందట తన గ్యారేజీలోనే బాడీ విప్పారు, తర్వాత ఆరోగ్యం సహకరించక పని ఆపేశారు. "ఇంజన్, బాడీ ఎక్కించి, చక్రాల మీద నిలబెట్టి ఇవ్వండి చాలు, మిగతాది మెల్లగా నేనే చేసుకుంటాను" అన్నారు. బాడీ ఎక్కించడం వారం రోజుల పని అనుకున్నాను. ఆ ఒక్కదానికే ఎనిమిది వారాలు పట్టింది.

నేను ఫైబర్ పని నేర్చుకున్నది కాకినాడలో, చేపల పడవలు తయారుచేసే షెడ్డులో. ఇప్పుడు ఇంగ్లండ్‌లో, కొవెంట్రీ దగ్గర పాత కార్లు బాగుచేసే చిన్న వర్క్‌షాప్‌లో పనిచేస్తున్నాను. పడవకైనా ఈ కారుకైనా అదే గ్లాస్ మ్యాట్ (గాజు పోగుల గుడ్డ), అదే పాలియెస్టర్ రెజిన్ (ఆ పోగుల్ని పట్టి గట్టిపడే జిగురు). ఈ కేసులో నాకు దారి చూపింది కూడా కారు పుస్తకాలు కాదు, ఆ పడవల షెడ్డే.

ఎలాన్ లోపల ఏముంటుంది

లోటస్ 1957లో చూపించిన ఎలైట్ కారుకి విడిగా ఛాసిస్ అనేదే లేదు. ఫైబర్ బాడీయే మొత్తం బరువు మోసేది. 1962లో వచ్చిన ఎలాన్‌ని కూడా అలాగే చేద్దామనుకున్నారు గానీ, పైకప్పు లేని కారుకి ఫైబర్ ఒక్కటే కావలసినంత బిగువు ఇవ్వదు. సస్పెన్షన్ పరీక్షించుకోవడానికి తాత్కాలికంగా కట్టుకున్న రేకు ఛాసిస్ బాగా కుదరడంతో లోటస్ యజమాని కాలిన్ చాప్‌మన్ దాన్నే ఖాయం చేశాడని చెప్పుకుంటారు. రేకుని మడిచి, సన్నటి పెట్టెలా అతికించిన వెన్నెముక అది. రెండు చివర్లా పంగల కర్రలా చీలుతుంది. ముందు పంగలో 1558 సీసీ ట్విన్‌కామ్ ఇంజన్ కూర్చుంటుంది. వెనక పంగ చివర్లు పైకి లేచి వెనక సస్పెన్షన్ స్ట్రట్‌లని పట్టుకుంటాయి. బాడీ ఈ వెన్నెముక మీద గుర్రం మీద జీనులా కూర్చుంటుంది.

ఫైబర్‌లో నేరుగా మర కోస్తే నిలవదు. అందుకని బోల్టు పడే ప్రతి చోటా మర కోసిన లోహపు ముక్కని మ్యాట్ పొరల మధ్య పెట్టి అతికించారు. దాన్ని బాబిన్ అంటారు. ఎలాన్ బాడీకి రూపం ఇచ్చిన రాన్ హిక్‌మన్ తర్వాతి రోజుల్లో వర్క్‌మేట్ అనే మడత బల్ల కనిపెట్టాడు. మా షాపులో రెండున్నాయి, ఈ కారు డోర్లు వాటి మీదే పెట్టుకుని పని చేశాం. అది చూసినప్పుడల్లా ఆ మనిషి మీద గౌరవం పెరిగేది.

మనవాళ్ళకి దీంతో ఒక చుట్టరికం కూడా ఉంది. ఎలాన్ ముందు చక్రాల అప్‌రైట్‌లు (చక్రాన్ని పట్టుకునే నిలువు ముక్కలు) ట్రయంఫ్ హెరాల్డ్ కారు కుటుంబానివి. ఆ హెరాల్డే మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది. ఆ కారు మీద చేయి తిరిగిన పాత మెకానిక్ ఎవరైనా ఎలాన్ ముందు చక్రం విప్పి చూస్తే వెంటనే పోల్చుకుంటాడు.

ఇక ఈ కారుకి ఛాసిస్ ఎందుకు మార్చాల్సి వచ్చిందంటే, తుప్పు. ఎలాన్ ఛాసిస్‌కి ముందు అడ్డంగా ఉండే పెట్టె, అంటే క్రాస్‌మెంబర్, లోపలి ఖాళీనే హెడ్‌లైట్లు పైకి లేపే వాక్యూమ్‌కి ట్యాంకుగా వాడుకున్నారు. దాని పక్కన సస్పెన్షన్ టరెట్లలో (సస్పెన్షన్‌ని పట్టుకునే నిలువు పెట్టెల్లో) నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోతే లోపల్లోపల తినేస్తుంది. పైగా బాడీకీ ఛాసిస్‌కీ మధ్య ఫ్యాక్టరీ వేసిన ఫెల్ట్ గుడ్డ తడిని పట్టుకుని వదలదు. పాత ఛాసిస్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది. కొత్తది అదే డిజైన్, జింకు పూత పూసినది. కొనాల్సిందే, ఆ విషయంలో పెద్దాయన తీసుకున్న నిర్ణయం సరైనదే.

మొదటిసారి దించి చూశాం

బాడీ విప్పకముందు, కారు తన చక్రాల మీద ఉండగానే, డోర్ల చుట్టూ సందులు కొలిచి రాసుకోవాలి. ఇది చేయని పని ప్రతిదీ చీకట్లో మొదలైనట్టే. మా దగ్గర ఆ కొలతలు లేవు. పాత ఛాసిస్ మీద ఆ డోర్లు ఎలా మూసుకునేవో చెప్పే ఫోటో కూడా లేదు.

ముందుగా కొత్త ఛాసిస్‌ని చదునైన నేల మీద నాలుగు స్టాండ్ల మీద పెట్టి, ఐమూలలు కొలిచాం. రెండు ఐమూలలకీ తేడా మిల్లీమీటరు కూడా లేదు. వెనక టవర్ల ఎత్తులు సమానం. తర్వాత నలుగురం కలిసి ఖాళీ షెల్ ఎత్తి, బోల్టులు లేకుండా మెల్లగా దించాం.

కూర్చోలేదు. మధ్యలో టన్నెల్ (వెన్నెముక మీదికి వచ్చే గట్టు) దగ్గర ఆనింది. వెనక ఎడమవైపు బాడీకీ ఛాసిస్‌కీ మధ్య 7 మిల్లీమీటర్ల గాలి, వెనక కుడివైపు 6. ముందు ఎడమవైపు 4, ముందు కుడివైపు మాత్రం గట్టిగా ఆని ఉంది. డోర్లు తగిలించి చూస్తే ఎడమ డోర్ వెనక అంచు పైన 2 మిల్లీమీటర్లు, కింద 8. పైన దాదాపు రాసుకుంటోంది. కుడి డోర్ పైన 3, కింద 6. పైనుంచి కింది దాకా 5 చుట్టుపక్కల ఒకేలా ఉండాలి.

మా దగ్గర పార్ట్‌టైమ్‌గా వచ్చే వరంగల్ కుర్రాడు ఒకడున్నాడు, ఇక్కడే ఎమ్మెస్సీ చదువుతున్నాడు. స్పానర్ చేతిలో పట్టుకుని అడిగాడు. "అన్నా, బోల్టులు పెట్టి గుంజితే కూసుంటది కదా? ఫైబరే కదా, వంగుతది."

"వంగుతుంది తమ్ముడూ. కానీ వంగి ఊరుకోదు" అన్నాను.

బాగుచేయడానికి వచ్చిన కార్లలో ఎన్నిసార్లు చూశానో. బోల్టుతో లాగి కూర్చోబెట్టిన బాడీ ఆరు నెలల దాకా బాగానే ఉంటుంది. తర్వాత బాబిన్ చుట్టూ సాలెగూడులా గీతలు మొదలవుతాయి. రోడ్డు మీద ప్రతి గతుకుకీ ఆ లాగుడు అక్కడే పడుతుంది. ఒకరోజు బాబిన్ చుట్టూ ఉన్న మ్యాట్‌తో సహా ఊడి చేతికొస్తుంది. రేకు బాడీ అయితే సాగి సర్దుకుంటుంది. ఫైబర్‌కి ఆ గుణం లేదు. సందు ఉన్నచోట కింద దన్ను పెట్టాలి తప్ప బోల్టుతో సందు మూయకూడదు. ఈ కేసు మొత్తంలో నేను పట్టుకుని వేలాడింది ఆ ఒక్క మాటే.

క్లే ముద్దలు చెప్పిన సంగతి

ఎక్కడ ఎంత ఎడం ఉందో కంటితో తెలియదు, సందు కొలిచే రేకు, ఫీలర్ గేజ్, అన్నిచోట్లకీ దూరదు. పిల్లలు ఆడుకునే క్లే తెచ్చి, గోళీకాయలంత ముద్దలు చేసి, ప్రతి బోల్టు చోటా ఛాసిస్ మీద ఒక్కో ముద్ద పెట్టాం. అంటుకోకుండా పైన పలచటి ప్లాస్టిక్ కాగితం వేశాం. బాడీ దించి, చేతులతో ఏమాత్రం నొక్కకుండా, పది నిమిషాలు ఉంచి పైకి ఎత్తాం. ఒక్కో ముద్ద ఒక్కో మందంలో అణిగి ఉంది. ఒక్కొక్కదాన్నీ బ్లేడుతో నిలువుగా కోసి, వెర్నియర్‌తో కొలిచి, ఛాసిస్ మీద ఆ బోల్టు పక్కనే మార్కర్‌తో అంకె రాశాం. పది నిమిషాలు ఆ అంకెల ముందు కూర్చుంటే కథ అంతా అక్కడే ఉంది.

ముందు కుడివైపు అంకె ఒంటరిగా నిలబడింది. పక్కవాటితో ఏ పొంతనా లేదు. బాడీ తిరగేసి చూస్తే, ఎప్పుడో ఎవరో ఆ బాబిన్ ఊడిపోతే మళ్ళీ అతికించారు. మ్యాట్ సరిగ్గా వేయకుండా డెంట్లకి పూసే పుట్టీ కూరారు. బాబిన్ తన చోటుకంటే దాదాపు 3 మిల్లీమీటర్లు కిందికి పొడుచుకొచ్చి ఉంది. ముందు కుడివైపు ఆనింది అందుకే.

రెండోది మధ్యలో ఎడమవైపు. ఛాసిస్ మీద చేత్తో తడిమితే బటానీ గింజంత బొడిపె తగిలింది. జింకు పూత కోసం ఛాసిస్‌ని సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచి తీస్తారు. కారి గడ్డకట్టిన బొట్టు అక్కడ మిగిలిపోయింది. దాని ఎత్తు 2 మిల్లీమీటర్లు. నేను ఐమూలలు కొలిచాను, ఎత్తులు కొలిచాను, కానీ మొదటిరోజే ఛాసిస్ పైభాగమంతా అరచేత్తో తడమలేదు. తడిమి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

ఈ రెండూ తీసేసినా లెక్క సరిపోదు. మిగిలింది అసలు జబ్బు. మధ్య కిందికి, రెండు చివర్లు పైకి. బాడీ నడుము వంగింది. పెద్దాయనకి ఫోన్ చేసి, ఇన్నేళ్ళూ బాడీ ఎలా పెట్టారని అడిగాను. రెండు చెక్క స్టాండ్లు, ఒకటి ముక్కు కింద, ఒకటి తోక కింద. పైగా లోపల సీట్లు, గేర్‌బాక్స్ దాచుకున్నారు.

కాకినాడలో మా మేస్త్రీ కొత్త పడవని ఎప్పుడూ రెండు దుంగల మీద ఉంచనిచ్చేవాడు కాదు. పొట్ట మొత్తానికి ఇసుక ఆనేలా గుంట తీయించి అందులో పెట్టించేవాడు. రోజుల తరబడి అదే బరువు అదే చోట పడితే పాలియెస్టర్ మెల్లమెల్లగా జారుతుంది. ఎండలో అయితే ఇంకా తొందరగా. ఇంగ్లండ్‌లో ఆ ఎండ లేదు. కానీ ఆరేళ్ళు అంటే తక్కువేమీ కాదు.

వంపు వెనక్కి తెచ్చిన తీరు

ముందు సులువైన పనులు. జింకు బొడిపెని ఆకురాయితో సమం చేసి, బయటపడిన చోట జింకు పెయింట్ వేశాం. పుట్టీ అంతా తవ్వి తీసేశాం. అక్కడ ఆగి బాబిన్ పని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

పాత ఫైబర్ మీద కొత్త రెజిన్ నునుపుగా ఉన్నచోట పట్టుకోదు. లోపలివైపు నుంచి రంగు, మైనం, మురికి ఏమీ మిగలకుండా గ్రైండ్ చేసి, అసలు గాజు పోగులు మసక తెల్లగా కనిపించేదాకా వెళ్ళాలి. బాబిన్ చుట్టూ అరచేయంత మేర, మధ్యలో లోతుగా, అంచులకి పోను పోను పలచగా, పళ్ళెంలా చెక్కాం. ఎసిటోన్‌తో తుడిచి ఆరబెట్టాం. బాబిన్‌ని గరుకు పేపర్‌తో రుద్ది, ఛాసిస్ రంధ్రాల కొలతకి చేసుకున్న ప్లైవుడ్ పలకకి బోల్టుతో బిగించి, అది సరైన ఎత్తులో నిలబడేలా చేశాం. తర్వాత 450 గ్రాముల మ్యాట్ ముక్కలు, మొదటిది చిన్నది, తర్వాతివి కొంచెం కొంచెం పెద్దవి, మొత్తం ఐదు పొరలు. ఒక్కో పొర ఆరాక సుమారు మిల్లీమీటరు మందం వస్తుంది. మ్యాట్ బరువుకి రెండు రెట్ల పైచిలుకు రెజిన్. రోలర్‌తో గాలి బుడగలు మొత్తం బయటికి తోసేయాలి. బుడగ మిగిలినచోట తర్వాత పగులు పుడుతుంది.

హార్డ్‌నర్ పాళ్ళు వాతావరణాన్ని బట్టి. కాకినాడ మే నెలలో 1 శాతం వేసినా డబ్బాలోనే గడ్డకట్టి పొగలు వచ్చేది. ఇక్కడ ఆ రోజు షాపులో 17 డిగ్రీలు, 2 శాతం వేశాం, అయినా రెండు రోజులు ముట్టుకోలేదు. ఇక్కడ చలికాలంలో తొందరపడి పైకి ఆరినట్టు కనిపించిందని బోల్టు బిగిస్తే లోపలి పొర ఇంకా పచ్చిగానే ఉంటుంది.

ఈ రెండు పనుల తర్వాత మళ్ళీ క్లే పెట్టి దించితే వెనక రెండువైపులా 5, ముందు రెండువైపులా 3. ఎడమ, కుడి సమానంగా వచ్చాయి. ఇక మిగిలింది నడుము వంపు ఒక్కటే అని తేలిపోయింది.

వంగడానికి ఏం కారణమో దాన్నే తిప్పి పెట్టాం. బాడీ మధ్యలో ఆని ఉంది కాబట్టి అక్కడ వెడల్పాటి ప్లైవుడ్ ముక్కలు పెట్టి బరువు పరుచుకునేలా చేశాం. బూట్ (డిక్కీ) నేల మీద రెండు ఇసుక మూటలు, ముందు ఒకటి, ఒక్కోటి 20 కిలోలు. చుట్టూ పాలిథీన్ షీటుతో డేరా కట్టి, లోపల హీటర్ ఫ్యాన్ పెట్టాం. వేడి 45 డిగ్రీలు దాటకూడదు. ఈ రకం రెజిన్ 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, అక్కడికి తీసుకెళ్తే మనకి అక్కర్లేని చోట కూడా వంగుతుంది. రెండు మూలల్లో థర్మామీటర్లు వేలాడదీశాం. పగలు మేం ఉన్నంతసేపే వేడి, రాత్రి ఆపేయడం. ఫైబర్, పాలిథీన్, హీటర్ కలిపి మనిషి లేకుండా వదిలే సమస్యే లేదు.

మొదటి వారం ఏమీ కదల్లేదు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. కుర్రాడు ఇంకో మూట వేద్దామన్నాడు, వద్దన్నాను. రెండో వారం చివర వెనక సందు 5 నుంచి 3.5కి వచ్చింది. నాలుగో వారానికి వెనక 2, ముందు 1. ఐదో వారం అంకె మారలేదు. అక్కడితో ఆపేశాం. ఇంకో మూట వేస్తే ఆ 2 కూడా పోయేదేమో. కానీ బూట్ మూల దగ్గర, తట్టి చూస్తే శబ్దం మారిన చోటు ఒకటి కనిపించింది. పొరలు విడిపోవడానికి ముందు అలాగే వినిపిస్తుంది. పూర్తిగా సమం చేయాలన్న పట్టుదల కోసం 50 ఏళ్ళు దాటిన షెల్‌ని పణం పెట్టడం తప్పు. ఆ మూలకి లోపలినుంచి రెండు పొరల మ్యాట్ వేసి గట్టిపరిచాం. మిగిలిన 2 మిల్లీమీటర్లకి నైలాన్ షిమ్‌లు, అంటే సందులో పెట్టే పలచటి బిళ్ళలు, కోసుకున్నాం.

బిగించడం

ఎలాన్‌లో బాడీ కూర్చున్నాక చేయి దూరని చోట్లు చాలా ఉంటాయి. బ్రేక్ పైపు, పెట్రోల్ పైపు, వైరింగ్, హ్యాండ్‌బ్రేక్ అన్నీ ముందే వేసి, ఒక్కోటి లాగి చూశాం. క్రాస్‌మెంబర్‌కి వాక్యూమ్ పెట్టి రాత్రంతా ఉంచితే పొద్దున గేజ్ ముల్లు కదల్లేదు. ఇది ముందే చూసుకోకపోతే తర్వాత హెడ్‌లైట్లు లేవవు, కారణం వెతకాలంటే బాడీ మళ్ళీ లేపాలి.

పాత ఫెల్ట్ బదులు నీళ్ళు పీల్చని నియోప్రీన్ పట్టీ వేశాం. అన్ని బోల్టులూ వేలితో తిప్పగలిగినంతే తిప్పి వదిలాం. ఇంజన్, గేర్‌బాక్స్ ముందే ఛాసిస్ మీద ఉన్నాయి. పెట్రోల్ ట్యాంకుకి బదులు అంత బరువు ఇసుక, సీట్లకి బదులు మూటలు పెట్టి, కారుని చక్రాల మీదికి దించాం. స్టాండ్ల మీద బిగించిన డోర్ చక్రాల మీదికి దిగాక మారిపోతుంది, ముఖ్యంగా టాప్ లేని కారులో. అప్పుడు డోర్లు తగిలించి, మధ్య నుంచి మొదలుపెట్టి రెండు చివర్లకీ వెళ్తూ, ఒక్కో బోల్టు అర చుట్టు, ప్రతి విడతకీ డోర్ మూసి సందు చూసుకుంటూ బిగించాం. వెడల్పాటి వాషర్లు తప్పనిసరి. షిమ్ బిగుసుకుని వాషర్ కదలడం ఆగిందంటే చాలు, అక్కడితో స్పానర్ దించేయాలి.

చివరి అంకెలు: ఎడమ డోర్ పైన 4, కింద 5.5. కుడి డోర్ పైన 4.5, కింద 5. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున కూడా అన్ని ఎలాన్‌లూ ఇంతకంటే బాగా ఉండేవని నేను అనుకోను.

లైట్లు పరీక్షించేటప్పుడు మాత్రం ఒక పూట పోయింది. ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు మినుకుమినుకుమంటోంది. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ఈ కారులో ప్రతి లైటుకీ ఎర్త్ వైరు విడిగా ఛాసిస్ దాకా రావాలి. వైరు ఉంది, రింగు ఉంది, బోల్టు ఉంది. కానీ జింకు మీద మేం వేసిన నల్ల పెయింట్ ఆ రింగు కిందే ఉండిపోయింది. రూపాయి బిళ్ళంత చోటు గీకితే సరిపోయింది.

ఇండియాలో ఇలాంటి పని చేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. మేం చేసింది అదే కారు బాడీ, అదే డిజైన్ ఛాసిస్. పాత ఛాసిస్ మీద వేరే రూపం ఫైబర్ బాడీ ఎక్కించడం పూర్తిగా వేరే వ్యవహారం. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. రెజిన్ కొనకముందే ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళి మాట్లాడుకోవాలి.

పెద్దాయన మిగతా పని పూర్తిచేసుకుని, 600 మైళ్ళు తిరిగాక, కారుని మొన్న వెనక్కి తెచ్చారు. అది మేం ముందే పెట్టుకున్న షరతు. అన్ని బోల్టులూ తిప్పి చూస్తే వెనక ఎడమవైపు ఒకటి మాత్రం పావు చుట్టు తిరిగింది. అతికించిన బాబిన్ చుట్టూ టార్చి వేసి వెతికాం, గీత కనబడలేదు. ఎడమ డోర్ పైసందు 4 నుంచి 3.5 అయింది. ఆ అంకె కూడా తేదీతో సహా ఆయన కారు పుస్తకంలో రాయించాను. వచ్చే ఏడాది మళ్ళీ కొలుస్తాం.